మెకాంగ్ మీద సయాబురి డ్యామ్: దీన్ని గ్రీన్ కరెంటు అనొచ్చా?

గోదారిగట్టు:
లావోస్‌లో కట్టిన ఈ 1,285 మెగావాట్ల డ్యామ్ 2019 అక్టోబర్ నుంచి నడుస్తోంది, కరెంటులో దాదాపు 95 శాతం థాయ్‌లాండే కొంటుంది. బొగ్గు లేదు, పొగ లేదు కాబట్టి గ్రీన్ అంటున్నారు. నాకు మింగుడుపడట్లేదు. ఆ ఏడాది చివర్లోనే దిగువన థాయ్‌లాండ్‌లోని నఖోన్ ఫనోమ్ దగ్గర, ఎప్పుడూ టీ రంగులో పారే నది నీలంగా తేటపడిపోయింది. ఫొటోలకి బాగానే ఉంటుంది, కానీ ఒండ్రు లేని నీళ్లకే ఆ రంగు. వరదలో ఎర్రనీళ్లు చూసి పొలానికి బలం అనుకునే డెల్టా వాళ్లకి వేరే చెప్పాలా?

పవర్‌హౌస్:
బ్రదర్, అది కరువు ఏడాది. పైన చైనా డ్యాములూ ఉన్నాయి. మొత్తం సయాబురి నెత్తినే రుద్దితే ఎలా? చేపలు ఎక్కడానికి దారి, ఒండ్రు వదిలే గేట్లు, డిజైన్ మార్చి మరీ పెట్టారు. శ్రీశైలం, సాగర్ కట్టుకుని లైట్లు వేసుకున్న మనం సముద్రం కూడా లేని లావోస్‌కి నీతులు చెప్పడం ఏం బాగుంటుంది?

గోదారిగట్టు:
దారి పెట్టారు సరే, ఎక్కేవెన్ని? ధవళేశ్వరం దాటి పైన పులస దొరికిందని ఎప్పుడైనా విన్నావా? మెకాంగ్‌లో 2005లో పట్టిన ఒక్క జెల్ల 293 కిలోలు తూగింది, అంత చేపకి మెట్లేంటి గురూ!

కృష్ణలంక:
మీరిద్దరూ డ్యామ్ దగ్గరే ఆగిపోయారండీ. మెకాంగ్ నది గురించి 1995లో కుదిరిన ఒప్పందం ప్రకారం లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం ఒకరినొకరు సంప్రదించుకోవాలి, కానీ వద్దని ఆపే అధికారం ఎవరికీ లేదు. కంబోడియా, వియత్నాం మొత్తుకుంటున్నా 2012లో పని మొదలైంది. అసలు పట్టు కొనేవాడి చేతిలో ఉంది. థాయ్ విద్యుత్ సంస్థ కొంటానంది కాబట్టే థాయ్ బ్యాంకులు అప్పిచ్చాయి. నది ఒడ్డున ఉండే థాయ్ జనం ఆ కొనుగోలు ఒప్పందం మీదే కోర్టుకెళ్లారు, ఏళ్ల తరబడి తిరిగి ఓడిపోయారు. చేపలు, ఒండ్రు తగ్గితే రేటు కోత పడుతుందని ఆ ఒప్పందంలోనే రాయాలి, లేకపోతే ఎన్ని గేట్లు పెట్టినా చూపించుకోవడానికే. ఇప్పుడు ఎగువన లువాంగ్ ప్రబాంగ్ దగ్గర 1,460 మెగావాట్లది కడుతున్నారు, దానికీ థాయ్‌లాండే కొనుగోలుదారు.

పవర్‌హౌస్:
ఈ షరతు వరకు ఒప్పుకుంటా. కానీ అప్పుడు యూనిట్ రేటు పెరిగితే ఎవరు కడతారు?

కృష్ణలంక:
బ్యాంకాక్ వాళ్లే. ఏసీ మాల్స్ ఉన్నది అక్కడేగా.