రొసిలి కొండ అంచున కుటుంబ నడక: ఏర్పాట్లు

నడక సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మన సంఘం కుటుంబ నడకకు వేల్స్‌లోని గౌవర్ ద్వీపకల్పపు పడమటి కొసనున్న రొసిలిని ప్రతిపాదిస్తున్నాను. బ్రిటన్‌లో విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా 1956లో మొట్టమొదట గుర్తింపు పొందినది గౌవరే. ఊళ్లోని కార్ పార్కింగు నుంచి కొండ కొసనున్న పాత కోస్ట్‌గార్డ్ కాపలా గది వరకు సుమారు ఒక మైలు బాట చాలామటుకు చదునుగా ఉంటుంది కాబట్టి, మన ఊళ్ల నుంచి వచ్చి మనతో ఉంటున్న అమ్మానాన్నలు కూడా నెమ్మదిగా నడవగలరు. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు దాదాపు మూడు మైళ్ల ఇసుక తీరం, ఎడమవైపు మధ్యయుగం నాటి కమతాలు అలాగే నిలిచి ఉన్న 'వైల్' పొలాలు కనిపిస్తాయి. వేసవిలో అక్కడ పొద్దుతిరుగుడు పూస్తే, కర్నూలు వైపు నుంచి వచ్చిన పెద్దలు ఆ గట్టు దగ్గరే ఆగిపోతారని నా నమ్మకం.

భోజనాల బాధ్యురాలు:
అన్నగారూ, పులిహోర, పెరుగన్నం మేము చూసుకుంటాము. కొండ మీది గాలికి కాగితపు పళ్లేలు నిలవవు, ఎగిరిపోయినవి గొర్రెలు మేసే చోటనో సముద్రంలోనో పడతాయి కనుక ఎవరి స్టీలు డబ్బాలు వారే తెచ్చుకోవాలి. కాలేజీ పిల్లలు వర్మ్స్ హెడ్ దీవికి కూడా దాటుదామంటున్నారు. ఏమి చెప్పమంటారు?

నడక సమన్వయకర్త:
అక్కగారూ, ఈసారి వద్దని చెప్పండి. దీవికి వెళ్లే రాళ్ల దారి ఆటుకు ముందు రెండున్నర గంటలు, తరువాత రెండున్నర గంటలు మాత్రమే తేలి ఉంటుంది. ఆపైన పోటు మీదికి వచ్చిందంటే అవతల ఉన్నవారు తిరిగి ఆటు వచ్చేదాకా అక్కడే ఉండిపోవాలి, ఈదుకుంటూ రావాలని చూడడం ప్రాణాంతకం. జారే రాళ్ల మీద వేగంగా నడవలేనివారు ఒక్కరున్నా మొత్తం బృందం ఆలస్యమవుతుంది. దీవిని కాపలా గది దగ్గర నుంచే చూద్దాం. బాట పొడవునా కొండ అంచుకు కంచె ఉండదు కాబట్టి, నలుగురేసి పిల్లలకు ఒక పెద్దవారు తోడుండాలి. ఊరు దాటాక మరుగుదొడ్లు లేవు, ఊళ్లోనే ఆ పని ముగించుకోవాలి. చెప్పులతో కాకుండా బూట్లతో రమ్మని పెద్దలకు ఫోన్ చేసి చెప్పేవారు కావాలి.

కొత్త సభ్యురాలు:
ఆ ఫోన్లు నేను చేస్తానండీ. చీరల మీద బూట్లు వేసుకోవడానికి మొహమాటపడే మా అత్తగారితోనే మొదలుపెడతాను.