క్రియ వెనుక వచ్చే 'ఆఫ్', 'అప్', 'ఔట్'లను ఇంగ్లీషువారు ఏ పద్ధతిలో వాడతారు?

ప్రశ్న: మిర్చి_ఎగుమతి, గుంటూరు

నేను ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక కార్యాలయంలో ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తుంటాను. మా కొనుగోలుదారులలో బ్రిటన్ వారూ ఉన్నారు, అమెరికా వారూ ఉన్నారు. వారు రాసే పెద్ద పదాలతో నాకు చిక్కు లేదు. 'పోస్ట్‌పోన్', 'క్యాన్సిల్', 'ఇన్వెస్టిగేట్' వంటివి మనకు బడిలోనే అలవాటయ్యాయి. చిక్కంతా 'హోల్డ్', 'కాల్', 'పుట్', 'లుక్' వంటి చిన్న క్రియల వెనుక ఒక 'ఆఫ్' గానీ ఒక 'అప్' గానీ చేరినప్పుడే వస్తోంది. ఈ వారం వచ్చిన మెయిల్‌లో, లేబుళ్ల సంగతి తేలేవరకు రెండో కంటైనర్ విషయంలో 'హోల్డ్ ఆఫ్' చేయమన్నారు. అదే మెయిల్ చివర, మొదటి కంటైనర్ కస్టమ్స్ దగ్గర 'హెల్డ్ అప్' అయిందని రాశారు. మొదటిది మనంతట మనం ఆగడమనీ, రెండోది ఎవరో ఆపడమనీ సందర్భాన్ని బట్టి తెలిసింది గానీ, ఆ తేడా 'ఆఫ్'లో, 'అప్'లో ఎక్కడ దాగి ఉందో అంతుపట్టలేదు.

ఇంకో సందేహం. 'లైట్స్ వెంట్ ఆఫ్' అంటే దీపాలు ఆరిపోయాయని అర్థం కాగా, 'అలారం వెంట్ ఆఫ్' అంటే అలారం మోగిందని ఎందుకు అవుతుంది? 'టర్న్ ఇట్ ఆఫ్' అనాలే గానీ 'టర్న్ ఆఫ్ ఇట్' అనకూడదని అంటారు, దానికి కారణమేమిటి? వ్యాపార లేఖలలో ఇటువంటివి మనం కూడా రాయవచ్చా, లేక లాటిన్ మూలం గల పెద్ద పదాలనే పట్టుకొని ఉండడం మంచిదా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత_అధ్యాపకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

మీకు కలిగిన ఇబ్బంది పాతదే. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు పీఠికలోనే, క్రియకు చిన్న పదం చేర్చి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి విదేశీయులను అన్నిటికంటే ఎక్కువగా కష్టపెడుతుందని రాశాడు. వీటిని 'ఫ్రేజల్ వర్బ్స్' అని పిలవడం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది.

ముందుగా పదక్రమం చూద్దాం, ఎందుకంటే నియమం స్పష్టంగా ఉన్నది అక్కడే. 'టర్న్ ఆఫ్ ది ఫ్యాన్', 'టర్న్ ది ఫ్యాన్ ఆఫ్' రెండూ సాధువులే. కర్మ స్థానంలో సర్వనామం ఉంటే మాత్రం అది మధ్యలోనే నిలవాలి. ఇంగ్లీషు వాక్యంలో చివరి స్థానం సాధారణంగా కొత్త సమాచారానిది. 'ఇట్' అనేది వినేవాడికి ముందే తెలిసిన వస్తువు కనుక అది ముందుకు జరిగి, ఊనిక 'ఆఫ్' మీద పడుతుంది. కర్మ పొడవైనదైతే ఇందుకు విరుద్ధంగా అదే చివరికి పోతుంది: నాలుగైదు మాటల కర్మను క్రియకూ 'ఆఫ్'కూ మధ్య ఇరికిస్తే వారి చెవికి వాక్యం సాగదీసినట్లుంటుంది.

అయితే 'లుక్ ఎట్', 'లుక్ ఆఫ్టర్' వంటివి ఈ కోవకు చెందవు. వాటిలో రెండో మాట ప్రిపొజిషన్. అంటే మన విభక్తి ప్రత్యయం చేసే పనిని నామవాచకానికి ముందు నిలబడి చేస్తుంది. అందుకే సర్వనామం దాని తరువాతే వస్తుంది: 'లుక్ ఆఫ్టర్ హిమ్'. రెండింటినీ వేరుచేయడానికి తరగతిలో నేను చెప్పే పరీక్ష ఇది. మధ్యలో 'కేర్‌ఫుల్లీ' వంటి క్రియావిశేషణాన్ని పెట్టి చూడండి. 'లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ది ఇన్‌వాయిస్' అనడం సహజం. 'లుక్ అప్' (వెతికి చూడడం) విషయంలో 'లుక్డ్ క్విక్లీ అప్ ది రేట్' అని ఇంగ్లీషువాడెవడూ అనడు; 'క్విక్లీ'ని క్రియకు ముందైనా, వాక్యం చివరనైనా పెడతాడు. క్రియకూ దాని వెనుక ఉన్న 'అప్'కూ మధ్య 'రైట్' వంటి ఒకటి రెండు మాటలకే ప్రవేశం ఉంటుంది, 'స్విచ్ ఇట్ రైట్ ఆఫ్' అన్నట్లు.

ఇక అర్థం. 'ఆఫ్'లో మూలభావం ఎడబాటు, అంటే అంటుకొని ఉన్నది విడివడడం. 'హోల్డ్ ఆఫ్' అంటే పనికి ఎడంగా నిలవడం, 'కాల్ ఆఫ్' అంటే పూనుకున్నదాన్ని వదిలేయడం. తుపాకి పేలడాన్ని కూడా 'గో ఆఫ్' అనే అంటారు. పట్టి ఉంచినది ఒక్కసారి వదులైనట్లు పేలుతుంది. అలారం ఆ వరుసలోదే. దీపం విషయంలో విడివడేది విద్యుత్తు.

జవాబు: బెంజ్‌సర్కిల్_వాసి

మాస్టారు చెప్పినదానికి వ్యాపారానికి అవసరమైన ఒక సంగతి కలుపుతాను. తేదీల దగ్గర ఈ చిన్న మాటలు నిజంగా నష్టం తెస్తాయి. 'పుష్ బ్యాక్' అంటే గడువును వెనక్కి నెట్టడం, అంటే వాయిదా. 'బ్రింగ్ ఫార్వర్డ్' అంటే అనుకున్న రోజు కంటే ముందుకు తేవడం. ఇదే భావానికి అమెరికావారు 'మూవ్ అప్' అంటారు. 'మూవ్ ఫార్వర్డ్' అంటే మాత్రం వారిలో వారికే ఏకాభిప్రాయం ఉండదు: బుధవారం సమావేశాన్ని రెండు రోజులు అలా జరిపామంటే కొందరు సోమవారం అనుకుంటారు, కొందరు శుక్రవారం అనుకుంటారు. కనుక ఓడ బయలుదేరే తేదీ గురించి రాసేటప్పుడు క్రియ ఏదైనా సరే, పక్కనే తేదీని అంకెల్లో కాకుండా నెల పేరుతో రాయండి. మన 'ప్రీపోన్' నిఘంటువుల్లోకి ఎక్కింది గానీ, భారతదేశంతో పరిచయం లేని కొనుగోలుదారుడు దాన్ని అర్థం చేసుకుంటాడని నమ్మకం లేదు.

మనవాళ్ల వాడుకలో ఇంకొన్ని ఉన్నాయి. 'కోప్ విత్' అనవలసిన చోట 'కోప్ అప్ విత్' అంటాం. కళాశాల చదువు ముగించడాన్ని 'పాసౌట్' అంటాం; అమెరికావాడు దాన్ని స్పృహ తప్పడంగా వింటాడు. 'ఆఫ్ ది ఫ్యాన్' అనడానికి కారణం సులభం. తెలుగులో మనం క్రియను వదిలేసి వెనుక మాటను మాత్రమే తీసుకొని, దానికి మన 'చెయ్యి' తగిలించుకున్నాం: 'ఫ్యాన్ ఆఫ్ చెయ్యి'.

జవాబు: నిఘంటుప్రియ, బ్రాడీపేట, గుంటూరు

మూలభావం గురించి అధ్యాపకులవారు చెప్పినది అందంగా ఉంది గానీ, నేను పూర్తిగా ఒప్పుకోలేను. అర్థం తెలిసిన తరువాత ఆ వివరణ అతుకుతుంది. తెలియక ముందు దానితో ఊహించబోతే దారి తప్పుతాం. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం; అదే మాటకు ఏవగింపు కలిగించడం అనే అర్థమూ ఉంది. 'టేక్ ఆఫ్' విమానానికి ఒకటి, చొక్కాకు ఒకటి. ఎడబాటు అనుకుంటూ కూర్చుంటే ఇవి తేలవు.

మీ సమయం ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్కలు ఉన్నాయి. వాడుకలోని ఇంగ్లీషును పోగుచేసిన పది కోట్ల మాటల భండారం బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను గార్డనర్, డేవిస్ అనే పరిశోధకులు 2007లో పరిశీలించి, కేవలం 20 క్రియలు 8 చిన్న మాటలతో కలిసి ఏర్పడే జంటలే అందులోని ఫ్రేజల్ వర్బ్స్ వాడుకలో సగానికి పైగా ఉన్నాయని తేల్చారు. గార్నియే, ష్మిట్ 2015లో అత్యధికంగా వాడే 150 జంటలను, వాటిలో నిజంగా తరచు వచ్చే అర్థాలతో సహా జాబితా చేశారు. నిఘంటువులో ఒక్కో జంటకు పది అర్థాలు కనిపించి భయపెడతాయి. వాడుకలో ఎక్కువ భారం ఒకటి రెండే మోస్తాయి.

తెలుగువారికి కలిసివచ్చే అంశం ఒకటుంది. 'ఈట్ అప్', 'యూజ్ అప్' వంటి వాటిలో 'అప్' పైకి అనే దిక్కును చెప్పదు, పని పూర్తయిందని చెబుతుంది. 'తినేయి', 'వాడేశాం', 'కాలిపోయింది' అన్నప్పుడు మనం చేసేదీ అదే. మీ సరుకుతోనే చూడండి. కళ్లంలో మిరపకాయలు ఎండాయి అంటాం, చెరువు ఎండిపోయింది అంటాం. మొదటిది కోరుకున్నది, రెండోది నష్టం. ఇంగ్లీషులోనూ సరుకు 'డ్రైడ్ చిల్లీస్', చెరువు 'డ్రైడ్ అప్'. మీ కొటేషన్‌లో పొరపాటున 'అప్' చేరిందా, కొనేవాడు ముడుచుకుపోయి పనికిరాని కాయలను ఊహించుకుంటాడు. ప్రతి 'అప్'కూ ఇది పనిచేయదు, 'లుక్ అప్'లో పనిచేయదు కదా.

లేఖల సంగతి: 'క్యారీ ఔట్', 'పాయింట్ ఔట్' వంటివి శాస్త్ర వ్యాసాలలో కూడా కనిపిస్తాయి, 'సార్ట్ ఔట్' మెయిల్‌కు తగినదే. ఒప్పంద పత్రంలో మాత్రం 'కాల్ ఆఫ్'కు బదులు 'టెర్మినేట్' రాయండి.

మిర్చి_ఎగుమతి:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి. ఆ మెయిల్‌లో ఉన్నది నిజానికి 'హోల్డ్ ఆఫ్ ఆన్ ది సెకండ్ కంటైనర్' అని. రెండు చిన్న మాటలు వరుసగా వస్తే 'ఇట్' ఎక్కడ పెట్టాలి?

విశ్రాంత_అధ్యాపకుడు:

చివరనండి. 'ఆఫ్' క్రియకు చెందింది, 'ఆన్' ప్రిపొజిషన్. కనుక 'హోల్డ్ ఆఫ్ ఆన్ ఇట్'. 'పుట్ అప్ విత్ ఇట్' కూడా ఇంతే. మీ లేఖల ముగింపులో తరచు వచ్చే 'లుకింగ్ ఫార్వర్డ్ టు'లో సైతం 'టు' ప్రిపొజిషనే కాబట్టి, దాని తరువాత 'రిసీవ్' అని కాక 'రిసీవింగ్' అని రాయాలి.