ప్రొఫినెట్ మీద ఎలక్ట్రానిక్ కీ రీడర్: కొత్త కీల నంబరు తప్పుగా వస్తోంది

ప్రశ్న (పరవాడ ఇన్‌స్ట్రుమెంటేషన్)

నమస్కారం. పరవాడ ఫార్మా సిటీలోని ఒక యూనిట్‌లో పని చేస్తున్నాను. మా టాబ్లెట్ కంప్రెషన్ మెషిన్ సీమెన్స్ ఎస్‌7-300 పీఎల్‌సీతో (మెషిన్‌ను నడిపే పారిశ్రామిక కంట్రోలర్) నడుస్తుంది. సెట్టింగులు మార్చే అధికారం ఎవరికి ఉందో గుర్తించడానికి ఒక ఎలక్ట్రానిక్ కీ రీడర్‌ను ప్రొఫినెట్ (ఈథర్నెట్ ఆధారిత పారిశ్రామిక నెట్‌వర్క్) ద్వారా దానికి కలిపారు. గత వారం పాత రీడర్ చెడిపోతే అదే మోడల్ కొత్తది బిగించి, డివైస్ పేరు పెట్టిన తర్వాతే బీఎఫ్ (బస్ ఫాల్ట్, అంటే నెట్‌వర్క్ లోపం) ఎర్రదీపం ఆరింది. ఇప్పుడు పాత కీలు సరిగానే చదువుతోంది కానీ, మా ఆఫీసు కంప్యూటర్‌లో మేమే రాసిన కొత్త కీ పెడితే ఆపరేటర్ నంబరు 1204కు బదులు 46084 వస్తోంది. పైగా ఏ కీ పెట్టినా అప్పుడప్పుడు మొదటి క్షణంలో ఆపరేటర్ నంబరు సున్నాగా ఆడిట్ ట్రయల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే లాగ్) నమోదవుతోంది. పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డులపై అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన) తనిఖీకి వచ్చినవారు ఆ సున్నా ఎవరని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కేబుల్ లోపమా?

జవాబు (గాజువాక ఆటోమేషన్)

పాత కీలు సరిగా చదువుతున్నప్పుడు కేబుల్‌ను అనుమానించనక్కరలేదండీ. మన సముద్రపు గాలికి ఆర్‌జే45 (నెట్‌వర్క్ కేబుల్ కనెక్టర్) పిన్నులు పచ్చబడితే కనెక్షన్ తెగిపోతుంది గానీ, ప్రతిసారీ ఒకే తప్పు అంకె రాదు. ఇంకొక మాట: ప్రొఫినెట్‌లో కంట్రోలర్ పరికరాన్ని పేరుతోనే గుర్తుపడుతుంది కాబట్టి, ఆ పేరును ప్యానెల్ తలుపు లోపల రాసి అతికించండి. పేరు పెట్టడానికి వాడే డీసీపీ అనే ప్రోటోకాల్ సందేశాలు రౌటర్ దాటవు. ల్యాప్‌టాప్‌ను అదే నెట్‌వర్క్‌లోని స్విచ్‌కు కలపాలి.

జవాబు (పీఎల్‌సీ పాతకాపు)

1204ను హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) రాస్తే 04 బీ4. ఆ రెండు బైట్లను తారుమారు చేస్తే బీ4 04, అంటే సరిగ్గా 46084. మీ ఆఫీసు కంప్యూటర్ చిన్న బైట్‌ను ముందు రాస్తుంది, ఎస్‌7 మాత్రం పెద్ద బైట్‌ను ముందు చదువుతుంది. పీఎల్‌సీలో బైట్ల వరుస మార్చే సీఏడబ్ల్యూ ఆదేశంతో తిప్పుకోవచ్చు కానీ, అలా చేస్తే పాత కీలు తప్పు చూపిస్తాయి. అందుచేత కీ రాసే ప్రోగ్రామ్‌నే సరిదిద్ది, కొత్త కీలను మళ్లీ రాయడం మేలని నా అభిప్రాయం.

సున్నా సంగతి వేరు. కీ పెట్టగానే రీడర్ దాని మెమరీ అంతా చదవడానికి కొంత సమయం పడుతుంది. మీ ప్రోగ్రామ్ పీఐడబ్ల్యూ (రెండు బైట్ల ఇన్‌పుట్) చిరునామాలను ఒకదాని తర్వాత ఒకటిగా నేరుగా చదువుతుంటే, ఆ మధ్యలోనే డేటా మారి, సగం పాతది సగం కొత్తది చేతికి రావచ్చు. ఎస్‌ఎఫ్‌సీ14 అనే పీఎల్‌సీ సిస్టమ్ ఫంక్షన్‌తో మొత్తం డేటాను ఒకే ముక్కగా చదవండి. కీ చదవడం పూర్తయిందని చెప్పే స్టేటస్ బిట్ ఏదో మాన్యువల్లో చూసి, అది వచ్చాకే నంబరును నమోదు చేయండి. కీ తీసిన వెంటనే అధికారం రద్దయ్యేలా కూడా అదే బిట్‌ను వాడండి. మెషిన్ గార్డు తలుపు, ఎమర్జెన్సీ స్టాప్‌లను మాత్రం ఈ కీ మీద ఆధారపడనివ్వకండి. వాటి సేఫ్టీ సర్క్యూట్ వేరుగానే ఉండాలి.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు సార్. మా ప్రోగ్రామ్ నిజంగానే పీఐడబ్ల్యూలను వరుసగా చదువుతోంది, స్టేటస్ బైట్‌ను ఎక్కడా వాడలేదు. ఒక కీని బైట్లు మార్చి మళ్లీ రాస్తే 1204 వచ్చింది. ఎస్‌ఎఫ్‌సీ14 మార్పుకు చేంజ్ కంట్రోల్ (మార్పులను ముందే ఆమోదించే పద్ధతి) అనుమతి రావాలి. అంతవరకు లాగ్‌లో సున్నా పడిన ప్రతిసారీ షిఫ్ట్ రిజిస్టర్‌లో చేతితో రాసి సంతకం చేయిస్తున్నాము.