హార నీహారమా, హార తుషారమా?

– ఒక పాదం చిన్నప్పటి నుంచి నోట్లో ఆడుతోంది: ‘మల్లికా హార నీహార ఫేన’. ఒరాయన్ నెబ్యులా అనే అంతరిక్ష వాయుమేఘం మీద వ్యాసం రాస్తూ, నెబ్యులాకి మన తెలుగు మాట ‘నీహారిక’ దగ్గర ఆగిపోయాను. నీహారమంటే మంచు గదా. వయసులో చిన్నవైన వేడి నక్షత్రాల చుట్టూ, పదివేల కెల్విన్ల దగ్గర వెలిగే హైడ్రోజన్‌కి ఆ పేరేమిటి? అసలు పాదం సరిగ్గా గుర్తుందా నాకు?

– పోతనగారిది, ‘హార తుషార ఫేన’. ఉత్పలమాల పాదం భగణంతో (గురువు, లఘువు, లఘువు) మొదలవ్వాలి, మూడో అక్షరం లఘువు. అక్కడ దీర్ఘమైన ‘నీ’ ఇమడదు.

– గణం సరే, అర్థం సంగతి? రెండూ మంచే అయినా, నా చెవికి తుషారం బిందువు, నీహారం తెర. లాటిన్ నెబ్యులా కూడా పొగమంచే. పేరు పెట్టినవాళ్లకు కనబడింది మసకే, వేడి కాదు. 1864లో ఖగోళ శాస్త్రవేత్త హగ్గిన్స్ ఒక నీహారిక వర్ణపటం చూశాకే అందులో ఉన్నది వాయువని తేలింది.

– ఆ వాయువు వెలగడానికి కారణమైన ‘అయనీకరణం’, అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడం, ఇంకా అందమైన మాటండీ. 1834లో శాస్త్రవేత్త ఫారడే వాడిన అయాన్ గ్రీకులో ‘వెళ్లేది’. మన అయనమూ వెళ్లడమే. ధాతువులు రెండూ అక్కచెల్లెళ్లు.

– వెళ్లడమే కాదు, తిరిగి రావడమూ ఉంది! 91.2 నానోమీటర్ల కన్నా పొట్టి అతినీలలోహిత కిరణం ఎలక్ట్రాన్‌ని ఊడగొడుతుంది. అది మళ్లీ ఏదో ప్రోటాన్‌కి చిక్కి శక్తిస్థాయుల్లో మెట్టుమెట్టుగా దిగుతుంది. మూడో మెట్టు నుంచి రెండోదానికి దిగినప్పుడు 656.3 నానోమీటర్ల ఎరుపు. నీహారికల ఫొటోల్లో ఎర్రదనం ఎక్కువగా అదే.

– ఇలా ఎలక్ట్రాన్లు ఊడిన హైడ్రోజన్ ఉన్న చోటుని ఖగోళ శాస్త్రవేత్తలు ‘హెచ్ టూ (H II) ప్రాంతం’ అంటారు; దయచేసి అలా మాత్రం రాయకండి, చదివేవాళ్లు హైడ్రోజన్ అణువనుకుంటారు. ‘అయనిత హైడ్రోజన్ సీమ’ అనండి.

– సీమ! 1939లో ఖగోళ శాస్త్రవేత్త స్ట్రోమ్‌గ్రెన్ లెక్కగట్టింది ఆ పొలిమేరనే. నక్షత్రపు కిరణాలు చాలినంత మేరే అయనీకరణం, ఆ గట్టు దాటితే తటస్థ హైడ్రోజన్.

– పోతనగారి దగ్గరికి వద్దాం. ఆ పద్యంలో అన్నీ తెల్లనివే: మంచు, నురుగు, వెండికొండ, రెల్లు. ఎర్రని నీహారికకు అక్కడ చోటేదీ?

– టెలిస్కోపులో కంటితో చూడండి, ఒరాయన్ నీహారిక ఎర్రగా ఉండదు. బూడిదరంగు, ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయ. తుషారం పక్కన చక్కగా ఒదుగుతుంది.

– నా చెవిలో మాత్రం ఇంకా ‘నీహార’ అనే మోగుతోంది.

– సీసంలోనైతే ‘హారనీ’ రగణం (గురువు, లఘువు, గురువు), సీసానికి కావలసిన ఇంద్రగణంగా హాయిగా పడుతుంది. మీరు విన్నది వేరే పద్యమేమో. ముందు పాదం ఏమైనా గుర్తుందా?