సర్వర్‌పై దాడి చేసే ఐపీలు: బ్యాన్ చేశాక రిపోర్ట్ ఎలా, ఎవరికి?

నల్లతెర:
సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ మీద పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ఐపీలను, లాగ్ చూసి అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్ ప్రోగ్రామ్ పట్టుకుంటోంది. పది నిమిషాలయ్యాక అవే మళ్లీ వస్తున్నాయి. వీటిని ఎవరికి రిపోర్ట్ చేయాలి, అందులో ఏం రాయాలి, ఆటోమేటిక్‌గా పంపొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లాగ్‌పిట్ట:
మళ్లీ రావడానికి కారణం డిఫాల్ట్ సెట్టింగే. బ్యాన్‌టైమ్ (ఎంతసేపు ఆపాలో) 10 నిమిషాలు, ఫైండ్‌టైమ్ (తప్పులు లెక్కించే వ్యవధి) 10 నిమిషాలు, మ్యాక్స్‌రీట్రై (ఎన్ని తప్పులకు బ్యాన్) 5. జైల్.కాన్ఫ్ అనే అసలు సెట్టింగ్ ఫైల్‌ను ముట్టుకోకండి, అప్‌డేట్ వచ్చినప్పుడు మీ మార్పులు పోతాయి. జైల్.లోకల్ అని వేరే ఫైల్ పెట్టి అందులో మార్చండి. రెసిడివ్ జైలు (జైలు అంటే ఒక్కో పనికి పెట్టే బ్యాన్ నియమాల గుంపు) కూడా ఆన్ చేయండి. ఒక రోజులో పదేపదే బ్యాన్ అయిన ఐపీని అది వారం పాటు బయట పెడుతుంది. బ్యాన్ వ్యవధి ఒక రోజు దాటితే డీబీపర్జ్‌ఏజ్ (బ్యాన్ రికార్డును ఎంతకాలం ఉంచాలో) కూడా పెంచాలి. దాని డిఫాల్ట్ ఒక్క రోజే కాబట్టి, పెంచకపోతే పాత రికార్డు ముందే చెరిగిపోతుంది.

వీటన్నిటికంటే ముందు ఇగ్నోర్‌ఐపీలో (ఎప్పుడూ బ్యాన్ చేయకూడని ఐపీల జాబితా) మీ సొంత అడ్రస్ రాసుకోండి.

పోర్ట్‌కాపలా:
రిపోర్ట్ సంగతికొస్తే, మొదట ఆ ఐపీ ఎవరి చేతిలో ఉందో తేల్చాలి. రివర్స్ డీఎన్ఎస్‌లో (ఐపీ నుంచి పేరు వెతికే పద్ధతి) కనిపించే పేరు చూసి ఆ డొమైన్‌కు మెయిల్ కొట్టకండి. ఆ రికార్డు ఐపీ వాడుకునేవాడు తనకు నచ్చినట్టు పెట్టించుకోగలడు. ఐపీ ఎవరి పేరున ఉందో చూపే హూయిజ్‌లోగానీ ఆర్‌డీఏపీలోగానీ వెతకండి. ఐపీలను పంచే ప్రాంతీయ రిజిస్ట్రీలు ఐదు: ఆరిన్, రైప్, ఏపీనిక్, లాక్‌నిక్, ఆఫ్రినిక్. అబ్యూజ్ మెయిల్ (ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే అడ్రస్) ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటుంది. రైప్‌లో అబ్యూజ్-సీ, ఏపీనిక్‌లో ఐఆర్‌టీ, ఆరిన్‌లో ఆర్గ్‌అబ్యూజ్‌ఈమెయిల్ అనే వరుస చూడండి. పెద్ద బ్లాకు లోపల చిన్న బ్లాకు వేరే కంపెనీకి ఇచ్చి ఉంటే చిన్నదాని అడ్రస్‌కే రాయాలి. రిజిస్ట్రీకి రాసి లాభం లేదు, వాళ్లు అడ్రస్‌లు కేటాయిస్తారు తప్ప ఎవరి సర్వర్‌నూ ఆపరు.

లాగ్‌పిట్ట:
ఏం రాయాలన్నది అంతకన్నా ముఖ్యం. అబ్యూజ్ డెస్క్‌లో కూర్చున్న మనిషికి ఇలాంటి వరుస కావాలి:

2025-03-04 02:17:41 యూటీసీ, ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ ఇన్వాలిడ్ యూజర్ అడ్మిన్ ఫ్రమ్ 203.0.113.45 పోర్ట్ 51834

ఇందులో ప్రతి ముక్కకీ పని ఉంది. టైమ్‌జోన్ రాయకపోతే వాళ్లు వేరే గంట లాగ్ చూసి "ఏమీ లేదు" అని మూసేస్తారు. మీ సర్వర్ గడియారం ఎన్‌టీపీతో (నెట్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి, రెండు నిమిషాల తేడా కూడా తప్పుడు కస్టమర్ మీదికి పోతుంది. 51834 అనేది సోర్స్ పోర్ట్, అంటే దాడి వచ్చిన వైపు ఆ కనెక్షన్ నంబర్. ఒకే ఐపీ వెనక వందలమంది ఉండే సీజీనాట్ నెట్‌వర్క్‌లో ఎవరు చేశారో తేలేది దాంతోనే. 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6302 అనే ఇంటర్నెట్ సూచనల పత్రం, సర్వర్లు సోర్స్ పోర్ట్‌ను లాగ్ చేయాలని చెప్పింది అందుకే. అయినా ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ మామూలు లాగ్ ఫార్మాట్‌లో అది ఉండదు, రిమోట్ పోర్ట్ వేరియబుల్‌ను మీరే చేర్చాలి.

సబ్జెక్ట్‌లో ఐపీ, దాడి రకం పెట్టండి. మెయిల్‌లో పది వరుసల లోపు లాగ్, మీ ఐపీ, దాడి జరిగిన పోర్ట్ చాలు. అంతా మామూలు టెక్స్ట్‌గా ఉండాలి. స్క్రీన్‌షాట్ నుంచి ఎవరూ ఐపీ కాపీ చేసుకోలేరు. కోపంగా రాసిన పేరాలు, కేసు వేస్తామన్న బెదిరింపులు అసలు వద్దు.

సున్నా_ఒకటి:
ఒక్క జాగ్రత్త. లాగ్ పంపేముందు యూజర్ పేర్లు ఒకసారి చదవండి. కంగారులో యూజర్ పేరు అడిగినచోట పాస్‌వర్డ్ కొట్టేసేవాళ్లు ఉంటారు, అది ఇన్వాలిడ్ యూజర్‌గా లాగ్‌లో అలాగే పడుతుంది. దాన్ని బయటికి పంపారంటే తాళంచెవి మీరే ఇచ్చినట్టు.

గోడమీదపిల్లి:
ఇంత తతంగం ఎందుకండీ? ఫైర్‌వాల్ లాగ్‌లో పడిన ఐపీలన్నిటినీ ఒక స్క్రిప్ట్‌తో అబ్యూజ్‌ఐపీడీబీకి (దాడి చేసే ఐపీలను అందరూ రిపోర్ట్ చేసే సైట్) పంపేస్తే సరిపోదా?

పోర్ట్‌కాపలా:
సరిపోదు, పైగా అమాయకులకు హాని. ముందు కనెక్షన్ కట్టకుండానే పంపే యూడీపీ ప్యాకెట్‌లో సోర్స్ ఐపీని ఎవరైనా అబద్ధంగా రాయొచ్చు. మీ డీఎన్ఎస్ సర్వర్‌కు ఒకే ఐపీ నుంచి వేల ప్రశ్నలు వస్తున్నాయంటే చాలాసార్లు ఆ ఐపీయే బాధితుడు. వాడి పేరుతో ప్రశ్నలు పంపి, మీ పెద్ద జవాబులను వాడి మీద కుమ్మరిస్తున్నారు. అక్కడ సరిచేయాల్సింది మీ రిజాల్వర్‌నే (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబిచ్చే మీ సర్వర్). బయటివాళ్లకు జవాబివ్వడం ఆపండి. కనెక్షన్ మొదలుపెట్టమని అడిగే ఒంటరి ఎస్‌వైఎన్ ప్యాకెట్‌దీ అదే కథ, దాన్నిబట్టి ఎవర్నీ పట్టుకోలేం. టీసీపీ హ్యాండ్‌షేక్ (రెండు వైపులా జవాబిచ్చుకుని కనెక్షన్ కట్టుకోవడం) పూర్తయి లాగిన్ ప్రయత్నం దాకా వచ్చిందంటే మాత్రం ఆ ఐపీ నుంచే వచ్చిందని నమ్మొచ్చు. ఆ యంత్రం యజమానే దొంగ అని కాదు, ఎక్కువగా అది వైరస్ పట్టిన రూటరో, కెమెరానో అయి ఉంటుంది.

కొమ్మచాటు:
వెబ్ దాడులైతే ఇంకో గొయ్యి ఉంది. సైట్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ప్రాక్సీ (మధ్యలో నిలబడే సర్వర్) ఉంటే లాగ్‌లో పడేది ప్రాక్సీ ఐపీ. దాన్ని బ్యాన్ చేస్తే మీ సైటే సగంమందికి ఆగిపోతుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో రియల్ ఐపీ మాడ్యూల్ పెట్టి, సెట్ రియల్ ఐపీ ఫ్రమ్ దగ్గర ఆ ప్రాక్సీ ప్రకటించిన రేంజ్‌లు మాత్రమే ఇవ్వండి. అన్నిటినీ నమ్మమని రాస్తే, అసలు సందర్శకుడి ఐపీని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో ఎవడికి తోచిన ఐపీ వాడు రాసి పంపుతాడు, మీరు దాన్నే రిపోర్ట్ చేస్తారు. అసలు ఐపీ లాగ్‌లోకి వచ్చాక కూడా లోకల్ ఫైర్‌వాల్‌లో బ్యాన్ పనిచేయదు, ఎందుకంటే ప్యాకెట్లు ప్రాక్సీ నుంచే వస్తాయి. బ్యాన్‌ను ప్రాక్సీ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు ఆదేశాలు పంపే దారి) ద్వారా అక్కడే వేయాలి.

గూగుల్‌బాట్ (గూగుల్ సెర్చ్ కోసం సైట్లు చదివే ప్రోగ్రామ్) అని చెప్పుకునే ఐపీ వస్తే రివర్స్ డీఎన్ఎస్ చూసి, వచ్చిన పేరును మళ్లీ ఐపీకి తిప్పి చూడండి. ఆ పేరు గూగుల్‌బాట్.కామ్ లేదా గూగుల్.కామ్‌తో ముగిసి, రెండూ కలిస్తేనే నిజం.

లాగ్‌పిట్ట:
గోడమీదపిల్లి గారూ, అబ్యూజ్‌ఐపీడీబీకి ఆటోమేటిక్‌గా పంపడం తప్పు కాదు. పైవన్నీ సరిచూసుకున్న జైళ్లకు మాత్రమే పెట్టండి. ఫెయిల్‌టూబ్యాన్‌లో దానికి యాక్షన్ ఫైల్ సిద్ధంగా ఉంది, ఏపీఐ కీ, కేటగిరీ ఇస్తే చాలు. ఎస్ఎస్‌హెచ్ దాడికి 18, 22 రెండూ ఇవ్వండి. పోర్ట్ స్కాన్‌కు 14, వెబ్ అప్లికేషన్ మీద దాడికి 21. ఒకే ఐపీని 15 నిమిషాల లోపు మళ్లీ పంపితే 429 ఎర్రర్ వస్తుంది. అక్కడ కామెంట్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి మీ హోస్ట్‌నేమ్, మీ ఐపీ అందులోంచి తీసేయండి. యాక్షన్‌లో నోరీస్టోర్డ్ విలువ 1 ఉందో లేదో చూడండి. లేకపోతే సర్వీస్ రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ పాత బ్యాన్‌లన్నీ కొత్త దాడులుగా మళ్లీ రిపోర్ట్ అవుతాయి.

సొంత ఫిల్టర్ (లాగ్‌లో దాడి వరుసలను గుర్తించే ప్యాటర్న్) రాస్తే ఫెయిల్‌టూబ్యాన్-రీజెక్స్‌తో పరీక్షించి, ప్యాటర్న్‌ను వరుస మొదటి నుంచి చివరిదాకా బిగించండి. వదులుగా రాస్తే దాడి చేసేవాడు "ఫ్రమ్ 192.0.2.7" అనే ముక్కను యూజర్ పేరుగా కొట్టి, సంబంధం లేని ఐపీని మీ చేతే బ్యాన్ చేయిస్తాడు.

నల్లతెర:
చాలా ఉపయోగపడింది. ఇంకో సర్వర్‌లో ఓఎస్ అప్‌గ్రేడ్ తర్వాత దాడులు లాగ్‌లో కనిపిస్తున్నాయి, బ్యాన్‌లు మాత్రం సున్నా. ఎక్కడ చూడాలి?

సున్నా_ఒకటి:
రెండు చోట్ల. మీది డెబియన్ లినక్స్ అయితే, 12 నుంచి లాగ్‌లను ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్‌గా రాదు కాబట్టి లాగిన్ ప్రయత్నాలు పడే ఆథ్.లాగ్ ఫైలే ఉండదు. ఫెయిల్‌టూబ్యాన్ బ్యాకెండ్‌ను (లాగ్ ఎక్కడ చదవాలో చెప్పే సెట్టింగ్) సిస్టమ్‌డీ అని మార్చి, పైథాన్ సిస్టమ్‌డీ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. మీకు లాగ్ కనిపిస్తోంది జర్నల్‌లోనే (సిస్టమ్‌డీ సొంత లాగ్) అయితే ఇదే కారణం కావొచ్చు. రెండోది, 2024లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8 నుంచి చాలా సందేశాలు ఎస్ఎస్‌హెచ్‌డీ పేరుతో కాక ఎస్ఎస్‌హెచ్‌డీ-సెషన్ పేరుతో పడుతున్నాయి. పాత ఫిల్టర్ పాత పేరునే వెతుకుతూ కూర్చుంటుంది. ఫెయిల్‌టూబ్యాన్ అప్‌డేట్ చేయండి, కుదరకపోతే ఫిల్టర్‌లో, జర్నల్‌మ్యాచ్‌లో కొత్త పేరు చేర్చండి.

కొమ్మచాటు:
బ్యాన్ జాబితాలో ఐపీ ఉన్నా కనెక్షన్లు వస్తూనే ఉంటే డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి కంటైనర్లలో నడిపేది) ఉందేమో చూడండి. కంటైనర్‌కు పోయే ట్రాఫిక్ ఫైర్‌వాల్‌లోని ఇన్‌పుట్ చైన్‌లోకి (నియమాల వరుస) రాదు, ఫార్వర్డ్ గుండా పోతుంది. బ్యాన్‌ను డాకర్-యూజర్ చైన్‌లో పెట్టాలి. ఐపీవీ6 అయితే ఒక్క అడ్రస్ ఆపి లాభం లేదు, మొత్తం /64 (మొదటి 64 బిట్లు ఒకటే ఉన్న అడ్రస్‌లన్నీ) ఆపండి. ఒక మామూలు కనెక్షన్‌కే అంత రేంజ్ చేతిలో ఉంటుంది.

గోడమీదపిల్లి:
మెయిల్ పంపాక జవాబు రాకపోతే?

పోర్ట్‌కాపలా:
చాలావాటికి రాదు. దాడి ఇంకా నడుస్తుంటే కొత్త లాగ్‌తో అదే టికెట్ నంబర్ మీద ఇంకోసారి రాయండి. అప్పటికీ ఆగకపోతే ఆ ఏఎస్ నంబర్‌కు (ఐపీ ఉన్న నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) పైన ట్రాన్సిట్, అంటే ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే నెట్‌వర్క్ అబ్యూజ్ అడ్రస్‌కు, మొదటి మెయిల్ తేదీతో సహా పంపండి. ఈలోపు ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీలు (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైళ్లు) మాత్రమే ఉంచండి. కేబీడీ ఇంటరాక్టివ్ ఆథెంటికేషన్ కూడా ఆఫ్ చేయాలి, అది మర్చిపోతే పామ్ (లినక్స్ లాగిన్ తనిఖీ వ్యవస్థ) దారిలో పాస్‌వర్డ్ ప్రాంప్ట్ ఇంకా వస్తూనే ఉంటుంది.

"కస్టమర్ యంత్రం శుభ్రం చేశాం" అని జవాబు వస్తే మీ వైపు బ్యాన్ తీసేయండి. ఆ ఐపీ రేపు ఇంకొకరికి వెళ్తుంది.