చెస్‌లో రూక్ (ఏనుగు) ఎండింగ్‌లో ఒక బంటు ఎక్కువున్నా డ్రా ఎట్లయింది?

గుర్రమెత్తు: తిరుపతిలో కల్యాణ మండపంలో జరిగిన రేటింగ్ టోర్నీ గేమ్ ఇది. ఇద్దరూ పాతకాపులే. తెల్ల: రాజు డీ5, బంటు ఈ5, రూక్ హెచ్7. నల్ల: రాజు ఈ8, రూక్ ఏ6. ఇద్దరూ రూకులు అటూ ఇటూ తిప్పుతా కూర్చున్నారు, చివరికి అదే పొజిషన్ మూడుసార్లు వచ్చిందని నల్ల క్లెయిమ్ చేసి డ్రా తీసుకుంది. తెల్ల గెలుపు వదిలేసిందా? ఇంకోటి, నల్ల చేసిన మొదటి క్లెయిమ్ చెల్లలేదు. తెల్ల గడియారంలో 2 నిమిషాలు కలిపారు. ఎందుకు?

ఏ6_కాపలా: వదిలేసిందేం లేదన్నా, అచ్చంగా ఫిలిడార్ పొజిషన్, అంటే బంటు తక్కువున్నా డ్రా కాపాడుకునే పేరున్న పొజిషన్. నల్ల రూక్ ఆరో వరసలో ఉన్నంతసేపూ తెల్ల రాజు ఆ వరసలోకి రాలేదు. అందుకే నల్ల ఏ6, బీ6, జీ6 అంటా ఆ వరసలోనే తిరుగుతుంది. తెల్ల బంటును ఈ6కి తోసిందంటే, వెంటనే రూక్ ఏ1కి దిగాలి. ఆరో వరసలోనే ఉండిపోతే రాజు ఈ5 మీదుగా ఎఫ్6కొచ్చి, హెచ్8లో మేట్ బెదిరింపు. దిగినాక రాజు డీ6కొస్తే డీ1 నుంచి చెక్, ఈ5కి పోతే ఈ1 నుంచి చెక్. బంటు ఈ5లో ఉంటే దాని ముందు ఈ6లో రాజు దాక్కునేది; ఇప్పుడు ఆ చోటు బంటుదే అయిపోయింది.

గుర్రమెత్తు: రూక్‌ను ఎనిమిదో వరసలోనే పెట్టుకుని కాచుకుంటే?

ఏ6_కాపలా: ఓడిపోతుంది. తెల్ల రాజు ఎఫ్6, బంటు ఈ6, రూక్ ఏ7 అనుకో. నల్ల రాజు ఈ8, రూక్ బీ8. తెల్ల రూక్ హెచ్7కి పోతే హెచ్8 మేట్ ఆపలేం. రాజు డీ8కి జరిగితే హెచ్8 చెక్‌తో బీ8 రూక్ పోతుంది. గుర్రం బంటుకో (బీ, జీ నిలువు వరసలది), అంచు బంటుకో (ఏ, హెచ్ నిలువు వరసలది) అయితే ఆ కాపలా నిలుస్తుంది, పక్కకు తిరిగొచ్చేందుకు తెల్ల రూక్‌కు చోటుండదు.

స్కోర్‌షీట్: క్లెయిమ్ సంగతి. మూడుసార్లూ అదే పొజిషన్, ఎత్తు వేయాల్సిన వంతు కూడా అదే వైపుది ఉండాల. వరసగా రానక్కరలేదు. బోర్డు చూస్తే అదే అనిపిస్తుంది గానీ, ఒకసారి రూక్ ఏ6లో, ఇంకోసారి బీ6లో ఉంటే లెక్కకు రాదు. ఇట్లాంటి ఎండింగుల్లో క్లెయిములు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతాయి. తప్పు క్లెయిమ్‌కు ఎదుటివాళ్లకు 2 నిమిషాలు కలపడం రూలే.

మీ ఎత్తుతో మూడోసారి వచ్చేటట్టుంటే, దాన్ని ఎత్తులు రాసే షీట్‌లో రాసి, కాయ ముట్టకుండా ఆర్బిటర్‌కు (ఆట నిర్ణేతకు) చెప్పాల. ముట్టినారా, ఆ ఎత్తుకు హక్కు పాయె. క్లెయిమ్ తప్పైతే రాసిన ఎత్తే వేయాల.

గుర్రమెత్తు: ఎవరూ క్లెయిమ్ చేయకపోతే?

స్కోర్‌షీట్: అయిదుసార్లు వస్తే ఆర్బిటరే ఆపేస్తారు. బంటు కదలక, కాయ చావక ఇద్దరూ చెరి 50 ఎత్తులు వేస్తే అడగొచ్చు. 75 అయితే అడక్కుండానే డ్రా.