ఇనుప ఖనిజపు పెల్లెట్లకు డిస్కు మేలా, డ్రమ్ము మేలా?

చర్చ ప్రారంభించినవారు:
ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా నుంచి హెమటైట్ అనే ఇనుప ఖనిజపు పొడిని నీటితో కలిపి, గొట్టపు మార్గంలో విశాఖపట్నానికి తెచ్చి పెల్లెట్లు (ఉండలుగా చుట్టి కొలిమిలో కాల్చి గట్టిపరిచినవి) చేస్తున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. అంత మెత్తని పొడిని ఉండలు చుట్టడానికి వాలుగా తిరిగే పళ్లెంలాంటి డిస్కు మంచిదా, పొడవైన డ్రమ్ము మంచిదా? మన దేశంలో డిస్కులే ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికాలోని మిన్నెసోటా టాకొనైట్ (ఇనుము తక్కువగా ఉండే ఖనిజపు శిల) ప్లాంట్లలో మాత్రం 1950ల నుంచి ప్రధానంగా డ్రమ్ములే ఉన్నాయి.

డిస్కును సమర్థించేవారు:
డిస్కు చుట్టడంతోపాటు వేరుచేసే పని కూడా చేస్తుంది. దాదాపు 45 డిగ్రీల వాలులో తిరుగుతున్నప్పుడు సన్నని పొడి, చిన్న గింజలు అడుగున ఉండిపోతాయి. పెరిగిన ఉండలు పైకి తేలి అంచు దాటి బయటపడతాయి. నీటి జల్లును, స్క్రేపర్లను, వేగాన్ని మార్చిన ఫలితం కొద్దిసేపట్లోనే ఆపరేటరు కంటికి కనిపిస్తుంది. డ్రమ్ము నుంచి చిన్నా పెద్దా కలిసే వస్తాయి కాబట్టి జల్లెడ పట్టి, చిన్నవాటిని మళ్లీ లోపలికి పంపాలి. ఇలా తిరిగి వెళ్లే సరుకు చాలాసార్లు తయారైన సరుకుకంటే ఎక్కువగా ఉంటుంది.

డ్రమ్మును సమర్థించేవారు:
మీరు చెప్పిన లెక్క నిజమే గాని, డిస్కుల తర్వాత కూడా రోలర్ స్క్రీన్ (తిరిగే రోలర్ల జల్లెడ) పెట్టక తప్పడం లేదు కదండీ! ఒక పెద్ద డ్రమ్ము కొన్ని డిస్కుల పని చేస్తుంది. తొట్లు, బెల్టులు, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులు ఆ మేరకు తగ్గుతారు. మిన్నెసోటాలోలాగా ఒకే తీరు మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) పొడి నిలకడగా అందుతున్నచోట డ్రమ్మును తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించదు.

డిస్కును సమర్థించేవారు:
మీ మాటలోనే అసలు షరతు ఉంది: నిలకడగా అందాలి. వేర్వేరు గనుల ఖనిజాన్ని కొని నడిపే ప్లాంట్లలో పొడి మెత్తదనం, తేమ తరచూ మారుతుంటాయి. నీటిని వడకట్టే ఫిల్టరు నుంచి వచ్చే ఖనిజపు ముద్దలో తేమ కాస్త ఎక్కువైనా ఉండలు ఒకదానికొకటి అంటుకుని, కొలిమిలో ఉండలను మోసే గ్రేటు (జాలీ) మీద నలిగి, వేడిగాలి వెళ్లే సందులను మూసేస్తాయి. అప్పుడు చాలామంది చేసేది ఉండలు గట్టిగా అతుక్కోవడానికి కలిపే బెంటోనైట్ అనే బంకమట్టిని పెంచడం. అది తేమను పీల్చుకుంటుంది గాని, దానిలో అధికభాగం సిలికా, అల్యూమినా కావడంతో ఖనిజాన్ని శుద్ధిచేసి తొలగించిన మలినాన్నే మనం తిరిగి చేర్చినట్లవుతుంది. ఈ అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు. వరుసలో ఒక డిస్కు మొరాయిస్తే దాన్ని మాత్రమే ఆపి సరిచేయవచ్చు. 1300 డిగ్రీల దగ్గర నడుస్తున్న కొలిమికి మిగిలిన డిస్కులు సరుకు అందిస్తూనే ఉంటాయి.

డ్రమ్మును సమర్థించేవారు:
బెంటోనైట్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆ తేమను సరిచేయవలసింది ఫిల్టరు దగ్గర, మిక్సరు దగ్గర. అక్కడ పెట్టవలసిన డబ్బును ఆదా చేసి డిస్కు ఆపరేటరు నేర్పు మీద భారం వేస్తే, ఆ నేర్పరి సెలవు పెట్టిన షిఫ్టులో ఉండల పరిమాణం ఎలా ఉంటుందో కూడా మీరు లెక్కలోకి తీసుకోవాలి.